హార్మణీ పెట్టె: ఏది పరదేశి, ఏది స్వదేశి?



పాత హార్మణీ పెట్టె అమ్మజూపేవాడు మా తెనాలి సీమలో మొట్టమొదట అనే మాట "జర్మను రీడ్లండీ!" అని. ఆ ఒక్క మాటతో సగం బేరం కుదిరినట్లే. కొనేవాడు తల పంకిస్తాడు, కాస్త తగ్గించమని అడిగి డబ్బు ఇచ్చివేస్తాడు. లోపలి పలక విప్పించి, ఇత్తడి రేకు మీద ఏ ఊరి ముద్ర ఉన్నదో చూచేవారు చాల తక్కువ. విదేశపు సరుకు మేలైనదనీ, మన చేతి సరుకు నాసిరకమనీ తరతరాలుగా పాతుకొన్న నమ్మకం అది. హార్మణీ విషయంలో ఒకనాడు ఆ నమ్మకం నిజమే. తరువాత కాలం మారింది, సరుకూ మారింది. నమ్మకం మాత్రం అక్కడే నిలిచిపోయింది. ఆ మార్పు ఎట్లా జరిగిందో నాకు తెలిసినంతవరకు వ్రాస్తున్నాను. నాటక పద్యం మీద మమకారం ఉన్నవారికి ఆసక్తి కలిగిస్తుందని ఆశ.

హార్మోనియం అన్న పేరుతో ఈ వాద్యానికి పారిస్ నగరంలో 1842లో పేటెంటు పొందినవాడు అలెగ్జాండ్ర్ దెబాఁ. గాలి ఒత్తిడికి కంపించే లోహపు నాలుక నుండి నాదం పుట్టించడం ఆయన కనిపెట్టినది కాదు. చైనా దేశపు షెంగ్ అనే ఊదుడు వాద్యంలో ఆ సూత్రం వేల యేండ్లుగా ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దంలో అది ఐరోపా చేరి అక్కడి పనివారిని ఆకర్షించింది. కాబట్టి మనం పరదేశి అనుకొనే వాద్యపు మూలసూత్రం ఆసియాలోనే పుట్టి, పడమరకు వెళ్ళి, పెట్టెలో కూర్చుని తిరిగి వచ్చింది. ఇది సరదాకు చెప్పిన మాట. దీన్ని పట్టుకొని అన్నీ మన వద్దనే ఉన్నవని వాదించే ఉద్దేశం నాకు లేదు.

గొట్టాల ఆర్గన్ పెట్టుకొనే స్తోమత లేని చిన్న చర్చిల కోసమూ, దొరల ఇళ్ళ కోసమూ ఈ పెట్టెలు ఓడలలో మన దేశానికి వచ్చాయి. అవి కుర్చీ మీద కూర్చుని, రెండు కాళ్ళతో తొక్కుతూ, రెండు చేతులతో వాయించేందుకు చేసినవి. చాప మీద బాసిపట్టు వేసుకొని కూర్చునే మన గాయకుడికి అవి ఏ విధంగానూ ఒదగవు. కలకత్తాలో 1875లో ద్వారకిన్ సంస్థను స్థాపించిన ద్వారకానాథ్ ఘోష్ ఈ ఇబ్బందిని గమనించాడు. కాలి తొక్కుడు తీసివేసి తిత్తిని పెట్టె వెనుకకు తెచ్చాడు. ఎడమచేత తిత్తి ఊది కుడిచేత వాయించేట్లు కూర్చాడు. లోపలి అమరిక సులభం చేశాడు. మన సంగీతానికి స్వరమేళనం అక్కర లేదు. ఒక చేయి చాలు. కావలసినది ఆధారశ్రుతి. ఎడతెగక మ్రోగే శ్రుతి కోసం ప్రత్యేకపు మీటలు చేరాయి. చెడిపోతే ఏ ఊరి వడ్రంగి అయినా విప్పి బాగుచేయగలిగేంత తేలికైన నిర్మాణం అది. 1915 నాటికే ప్రపంచంలో హార్మోనియములు ఎక్కువగా తయారయ్యే దేశం మనదే అయిందని చరిత్రకారులు వ్రాశారు.

ఇక మన నాటకరంగం సంగతి. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్ళడమూ, ఆ ఏడే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకం ఆడించడమూ మనకు తెలిసినవే. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు తమ నాటకాలలో పాటలకూ పద్యాలకూ పెద్దపీట వేశారు. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో కీచకవధ ఆడి సురభివారు తమ ప్రస్థానం మొదలుపెట్టారు. పద్యం రాగయుక్తంగా పాడవలసినది అయిన తరువాత శ్రుతికి ఆధారం తప్పనిసరి. తంబురా మ్రోత మొదటి రెండు వరుసలు దాటదు. వీణ ఆ జనసమ్మర్దంలో వినిపించదు. మైకులు లేని రోజులలో ఆరుబయట వేలమంది ముందు నటుని గొంతుకు తోడు నిలువగలిగినది హార్మణీ ఒక్కటే. ఇందులో సంగీతశాస్త్రం కంటె అవసరమే ఎక్కువ పని చేసింది.

తెనాలి రామవిలాస సభ పేరు చెబితే ఈనాటికీ మా ప్రాంతంలో పెద్దల ముఖాలు వికసిస్తాయి. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు, దుర్యోధన పాత్రకు పెట్టింది పేరైన మాధవపెద్ది వెంకట్రామయ్యగారు, గోవిందరాజుల సుబ్బారావుగారు ఆ వేదిక నెక్కినవారే. సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్యగారు పద్యం పాడి, ఆ రాగాన్నే ఈలపాటలో పలికిస్తే హార్మణీ ఆయన వెంట పరుగెత్తవలసి వచ్చేది. వీరందరి పేర్లూ కరపత్రాలలో పెద్ద అక్షరాలలో ఉన్నాయి. వారి శ్రుతి మోసిన హార్మనిస్టుల పేర్లు అట్టడుగున, చిన్న అక్షరాలలో, చాలమార్లు ఇంటిపేరు కూడ లేకుండ ఉంటాయి. నటుడు పద్యపాదం చివర ఊపిరి తీసుకొనే క్షణంలో రాగం తెగకుండ నిలబెట్టేవాడు అతడు. నటుడు శ్రుతి తప్పితే జనానికి తెలియకుండ మెల్లగా దారికి తెచ్చేవాడూ అతడే. "వన్స్ మోర్" అని జనం కేకవేస్తే నటుని గొంతు అలసిపోయిందో లేదో ముందుగా తెలిసేది అతనికే. అప్పుడు ఆలాపన కొంచెం తానే పొడిగించి నటునికి విశ్రాంతి కల్పించేవాడు.

మా అమృతలూరు చుట్టుప్రక్కల తిరునాళ్ళలో, ముఖ్యంగా గోవాడ శివరాత్రికి, తెల్లవార్లూ పద్యనాటకాలు చూచిన తరం మాది. పిల్లలం ముందు వరుసలో, హార్మనిస్టుకు దగ్గరగా చాపలు పరచుకొనేవాళ్ళం. ఆయన కాళ్ళు తొక్కుతూ ఉంటే, చేతులు మెట్ల మీద పరుగెత్తుతూ ఉంటే, వేదిక మీది కృష్ణుని కంటె మాకు ఆయనే గొప్పవాడుగా కనిపించేవాడు. నాటక సమాజాలవారు కాలితో తొక్కే పెట్టెనే ఇష్టపడేవారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, మ్రోతా ఎక్కువ. తిరునాళ్ళకు బండ్ల మీద మోసుకుపోవడానికి వీలుగా మడిచే కాలిపెట్టెలు పారిస్‌లోని కాస్రియెల్ సంస్థ చేసేది. ఆ పేరు పాతతరం హార్మనిస్టులు "కాస్రేలు" అని గౌరవంగా పలికేవారు.

ఇక్కడ పెట్టె లోపలికి వెళ్ళవలసి ఉన్నది. హార్మణీకి ప్రాణం రీడు. ఇత్తడి రేకులో సన్నని చీలిక, దాని మీద ఒక కొసన బిగించిన ఇత్తడి నాలుక. గాలి ఆ చీలిక గుండ పోయేటప్పుడు నాలుక ఊగుతుంది. ఆ ఊగుటే స్వరం. నాలుక కొసను సన్నగా గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే క్రిందికి దిగుతుంది. ఒక వెంట్రుకవాసి ఎక్కువ గీకితే ఇక అంతే. చీలికకూ నాలుకకూ మధ్య సందు ఎక్కువైతే గాలి వృథా అవుతుంది, తక్కువైతే నాలుక తగులుకొని కిరకిరమంటుంది. లోహం ఏకరీతిగా లేకపోతే ఏడాది తిరిగేసరికి శ్రుతి జారుతుంది, లేదా పద్యం మధ్యలో నాలుక విరుగుతుంది. ఈ పనిలో ఫ్రాన్సు, జర్మనీ పనివారు ఆరితేరినవారు. వారి ఇత్తడి పాకం వేరు, వారి ఆకురాయి పనితనం వేరు. తెనాలిలో నాకు పరిచయమున్న ఒక ముసలి మేస్త్రీ పాత విదేశీ రీడును గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకొని, "పంతులుగారూ, ఇది ఇంకా యాభై ఏళ్ళు పలుకుద్దండీ" అనేవాడు. అతని మాట నేను నమ్ముతాను.

కాని అదే మేస్త్రీ ఆ విదేశీ పెట్టె కొయ్యను చూచి పెదవి విరిచేవాడు. చలిదేశంలో ఆరిన కొయ్య, జంతువుల తోలూ ఎముకలూ కాచి తీసిన జిగురుతో అతికినది. మాది సముద్రానికి దగ్గరి నేల. వానాకాలం గాలిలోని తడికి ఆ జిగురు మెత్తబడుతుంది, ఎండాకాలం పగులుతుంది. పైన నగిషీగా అంటించిన పలుచని పొర లేచిపోతుంది. లోపలి మెత్తని కొయ్యను పుప్పి తొలుస్తుంది. తిత్తి మడతలలో తోలు గట్టిపడి గాలి కారుతుంది. (గిటారు వాయించే ఈ కాలపు పిల్లలు కూడ ఇదే బాధ చెబుతూ ఉంటారు. విదేశం నుండి తెప్పించిన గిటారు మా ఊరి ఉక్కకు వంగిపోయి తీగలు పైకి లేచాయని మా వీధి కుర్రవాడు వాపోయాడు. కొయ్యకు కులగోత్రాలు లేవు కాని వాతావరణం మాత్రం ఉన్నది.) మనవారు టేకుతో చేసిన పెట్టె రూపంలో మోటు, బరువెక్కువ, అయితే మూడు తరాలు నిలిచింది. కనుక చాలకాలం పాటు మన నాటక సమాజాల వద్ద మంచి హార్మణీ అంటే స్వదేశపు పెట్టెలో విదేశపు నాలుక.

వందేమాతరం ఉద్యమ కాలంలో ఇది ఒక విచిత్రమైన స్థితిని కల్పించింది. 1907లో బిపిన్‌చంద్ర పాల్ రాజమహేంద్రవరం, కాకినాడ, బెజవాడ, బందరులలో ఉపన్యసించి వెళ్ళిన తరువాత విదేశ వస్తు బహిష్కారం ఊరూరా మారుమ్రోగింది. స్వదేశీ హార్మణీ స్వదేశీ అనే చెల్లింది. దాని గొంతు మాత్రం పారిస్‌దో జర్మనీదో. ఆ దేశభక్తులను ఎగతాళి చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. పెట్టె చేయడం నేర్చినవారు నాలుక చేయడం నేర్వడానికి ఇంకా వ్యవధి పట్టింది, అంతే. 1914లో యుద్ధం రాగానే జర్మనీ సరుకు ఆగింది. 1939లో మళ్ళీ ఆగింది. కొరత వచ్చినప్పుడే పనితనం పుడుతుంది. గుజరాతు దేశంలో భావనగర్ దగ్గరి పాలీతాణా జైనులకు శత్రుంజయ క్షేత్రంగా ప్రసిద్ధం. హార్మణీ పనివారికి అది రీడ్ల క్షేత్రం. అక్కడి పనివారు చేతి ఆకురాయితో రీడ్లు చేయడంలో దేశమంతటికీ పేరు తెచ్చుకొన్నారు. ఈనాడు మంచి పెట్టె చేసే ఏ కలకత్తా, ఢిల్లీ మేస్త్రీని అడిగినా పాలీతాణా పేరు చెబుతాడు.

అదే కాలంలో అక్కడ ఏమి జరిగింది? ఐరోపాలోనూ అమెరికాలోనూ ఇంటింటా ఉండిన హార్మోనియం మూలపడింది. పియానో చవుకైంది, గ్రామఫోను వచ్చింది, రేడియో వచ్చింది. 1935లో అమెరికాలో హమ్మండ్ విద్యుత్ ఆర్గన్ బజారులోకి వచ్చాక చిన్న చర్చిలు కూడ అటు మళ్ళాయి. కొనేవాడు లేని వస్తువును ఏ పనివాడు శ్రద్ధగా చేస్తాడు? తండ్రి దగ్గర ఆకురాయి పట్టడం నేర్చిన కొడుకు మరో పనికి పోయాడు. కర్మాగారాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. స్వాతంత్ర్యం వచ్చాక మన ప్రభుత్వం దిగుమతుల మీద ఆంక్షలు విధించడంతో ఉన్న కాస్త రాకపోకలూ తగ్గాయి. అంటే మన బజారులో "జర్మను రీడ్లు" అన్న పేరుకు గిరాకీ పెరుగుతున్న రోజులలోనే, ఆ రీడ్లు చేసే చేతులు అక్కడ కరువవుతున్నాయి. గిరాకీ ఉండి సరుకు లేకపోతే ఏమవుతుందో వ్యాపారం తెలిసినవారికి చెప్పనక్కరలేదు. నిజమైన పాత రీడ్లు చెడిపోయిన పెట్టెల నుండి ఊడదీసి కొత్త పెట్టెలకు బిగించేవారు. వాటికి అధికమైన ధర. మిగిలినవాటికి పేరు మాత్రమే జర్మనీది. నేను విప్పించి చూచిన పెట్టెలలో జర్మను ముద్ర స్పష్టంగా ఉన్నవి ఉన్నాయి, ముద్ర కొత్తగా కొట్టించినట్లు కనిపించినవీ ఉన్నాయి.

ఈ ముద్రల మోజు హార్మణీతో మొదలైనది కాదు. ఫిడేలు సంగతి చూడండి. పంతొమ్మిదవ శతాబ్దం చివర జర్మనీ సాక్సనీ పల్లెలలో వేలకొలది చవుక ఫిడేళ్ళు తయారుచేసి, లోపల ఇటలీ మహాశిల్పి స్ట్రాడివేరియస్ పేరు, ఆయన కాలపు సంవత్సరం అచ్చువేసిన కాగితం అంటించి ప్రపంచమంతటికీ పంపారు. ఏ దేశంలో తయారైనదో వస్తువు మీద వ్రాసి తీరాలని 1890లో అమెరికా చట్టం చేసింది. ఆ తరువాత అటువంటి కాగితాల మీద పేరు క్రింద చిన్నగా "జర్మనీ" అన్న మాట చేరింది. మన దేశంలోనూ తాతగారి ఫిడేలులో ఆ కాగితం చూచి కోటీశ్వరులమయ్యామని సంబరపడినవారు ఉన్నారు. అయినా ఫిడేలును ఎవరూ పరదేశి అని వెలివేయలేదు. బాలుస్వామి దీక్షితులవారు దానిని చేపట్టారు; విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది మన వాద్యమే అయింది. గమకం పలుకుతుంది కనుక దానికి ప్రవేశం దొరికింది. హార్మణీకి గమకం పలుకదు; మెట్టుకు మెట్టుకు నడుమ ఉన్న స్వరం దానికి అందదు. పైగా పడమటి లెక్కలో సమంగా పంచిన పన్నెండు స్వరాలు కావడం వల్ల దాని గాంధారం తంబురా గాంధారం కంటె కాస్త హెచ్చుగా ఉంటుంది. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. దీనిని సరిదిద్దాలని క్లెమెంట్స్ అనే ఆంగ్లాధికారి, దేవల్ అనే మహారాష్ట్ర పండితుడు కలిసి ఇరువదిరెండు శ్రుతుల హార్మోనియం ఒకటి రూపొందించారు. దాన్ని చేయించినది మళ్ళీ లండనులో! 1916 నాటి బరోడా సంగీత సమావేశంలో ప్రదర్శిస్తే గాయకులు ఒప్పుకొనలేదు.

ఈ ఆక్షేపణ చివరకు ప్రభుత్వ శాసనమైంది. 1940 మార్చి 1 నుండి ఆలిండియా రేడియో సంగీత ప్రసారాలలో హార్మోనియంను నిషేధించారు. అప్పటి రేడియో అధిపతి లయొనెల్ ఫీల్డెన్ అనే ఆంగ్లేయుడు. అంతకుముందు దానిని ఖండిస్తూ వ్యాసం వ్రాసినవాడు ఢిల్లీ రేడియోలో పనిచేసిన జాన్ ఫౌల్డ్స్ అనే మరొక ఆంగ్లేయుడు. రవీంద్రుడు కూడ కలకత్తా కేంద్రానికి లేఖ వ్రాసి ఆ నిర్ణయాన్ని సమర్థించాడు. ఆయన మాటకు నేను ఎదురు చెప్పేంతవాడిని కాను. కాని కాలం గమనించండి. పెట్టె మనది, కొయ్య మనది, నాలుక కూడ మనదే అవుతున్న దశలో అది మన సంగీతానికి పరాయిదని తీర్పు వచ్చింది.  1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైననాడు కూడ ఆ నిషేధం అమలులోనే ఉన్నది. హార్మణీ ఊపిరిగా బ్రతికిన పద్యానికి ఇంత దగ్గరలో రేడియో వచ్చి, ఆ వాద్యానికి మాత్రం తలుపు తీయలేదు. 1971లో నిషేధం సడలించి, సహకార వాద్యంగా పరిమితంగా అనుమతించారు. స్థానంవారు కాలధర్మం చెందినది ఆ యేడే.

నాకు నవ్వు తెప్పించే విషయం ఇంకొకటి ఉన్నది. హార్మణీని ముట్టని విద్వాంసుడైనా తన శ్రుతి ఎంత అంటే "ఒకటిన్నర" అనో "అయిదున్నర" అనో చెబుతాడు. ఆ లెక్క హార్మణీ తెల్ల మెట్ల లెక్కే. మొదటి తెల్ల మెట్టు ఒకటి, దాని ప్రక్క నల్లది ఒకటిన్నర. తమిళులు ఆ అంకె ప్రక్కన "కట్టై" అంటారు. కట్టె అంటే మెట్టు కొయ్యే కదా. వాద్యం సభ వెలుపల ఉండిపోయింది, దాని కొలబద్ద సభ నడుమ కూర్చున్నది. మా తెలుగు పండితులకు ఇది కొత్త కాదు. వ్యాకరణంలో అన్యదేశ్యములని ఒక వర్గం ఉన్నది. బొత్తాము, ఇస్త్రీ, అలమర పోర్చుగీసు వారి నుండి వచ్చినవని చెబితే తరగతిలో పిల్లలు నమ్మేవారు కాదు. హార్మణీని బాగుచేసే "మేస్త్రీ" అన్న మాట కూడ ఆ బాపతుదే. హార్మోనియం అన్న పలుకు మన నోట హార్మణీ అయినప్పుడే సగం పని జరిగిపోయిందని నా ఉద్దేశం. తక్కిన సగం పాలీతాణా ఆకురాయి చేసింది.

ఇప్పటి పరిస్థితి మరో మలుపు. ఇటీవల మా ప్రాంతపు తిరునాళ్ళలో కాలిపెట్టె కనిపించడం అరుదు. విదేశపు కీబోర్డు ఇనుప కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. మీట నొక్కితే శ్రుతి మారుతుంది, మోయడానికి తేలిక. మొదట వచ్చినవి దృఢంగా ఉండేవి. తరువాత వచ్చిన చవుక రకాలు రెండు వేసవులు నిలవడం కష్టమని వాయించేవారే చెబుతున్నారు. చెడితే విప్పడానికి లేదు, విప్పినా అందులో గీకడానికి నాలుక లేదు. తెనాలి మేస్త్రీ ఒకసారి దానిని త్రిప్పి చూచి, మాట్లాడకుండ తిరిగి ఇచ్చివేశాడు. పద్యం పాడే నటులు కొందరు ఇప్పటికీ పట్టుబట్టి హార్మణీనే పెట్టించుకొంటారు. గొంతు సాగేటప్పుడు తిత్తి కూడ ఊపిరి పీల్చడం వినిపించాలని వారి కోరిక. ఆ కోరికలో చాదస్తం ఉందేమో కాని, వారి ప్రక్క కూర్చుని విన్నవాడిగా అది నాకు అర్థమవుతుంది.

మేస్త్రీ గతించి కొంతకాలమైంది. అతని కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. తండ్రి దాచిన రీడ్ల డబ్బా నాకు చూపించాడు: పాత బిస్కత్తు డబ్బాలో, గుడ్డముక్కలలో చుట్టి, ఒక్కొక్క మూటకు స్వరం పేరు వ్రాసిన చీటీ. ఫ్రెంచి ముద్రవీ, జర్మను ముద్రవీ, ఏ ముద్రా లేనివీ కలిసే ఉన్నాయి. మేస్త్రీ వాటిని దేశాన్ని బట్టి వేరుచేయలేదు, స్వరాన్ని బట్టే వేరుచేశాడు.

మీ ఇళ్ళలో అటక మీద తాతగారి కాలపు హార్మణీ ఉంటే పాతసామానువాడికి వేసేముందు ఒక్కసారి లోపలి పలక విప్పించి చూడండి. రేకు మీద ముద్ర ఏమున్నది, కొయ్య ఏది, ఏ ఊరి సమాజం వాడినది, వాయించినవారి పేరేమిటి అన్నవి తెలిస్తే నాకు వ్రాయండి. ముఖ్యంగా ఆ చివరి వివరం.